మా కాలనీ తీజ్‌కు పెద్దపిల్ల

మా కాలనీలో నలభై రెండు ఇళ్లున్నాయి. వాటికి ఒక సంక్షేమ సంఘం, ఆ సంఘానికి పదిహేడు నియమాలు, ఆ నియమాలకు నేను. గేటు పక్కన పచ్చరంగు బోర్డు మీద తెల్ల అక్షరాలతో ఆ పదిహేడూ రాయించింది నేనే. వీధివైపు పిట్టగోడ మీద బట్టలు ఆరేయరాదు. నల్లా నీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. పార్కులోని షెడ్డు సంఘం అనుమతి లేకుండా వాడరాదు. ముప్పై మూడేళ్లు మహబూబాబాద్ బస్టాండులో కంట్రోలర్‌గా చేసినవాణ్ణి. రెండు నిమిషాలు ముందు బస్సు కదిలిస్తే డ్రైవర్ని కిందికి దింపి అడిగినవాణ్ణి. రిటైరైన నెలకే నన్ను పిలిచి కార్యదర్శిని చేశారంటే ఊరికే చేయలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచాను. ఇంట్లో మాత్రం ఆ ఏడు ఏప్రిల్ నుంచి మా ఒక్కగానొక్క కూతురు సంగీత నాతో మాట్లాడటం లేదు.

తప్పు నాదే. ఇప్పుడింత సులువుగా రాస్తున్నాను గానీ అప్పుడు ఒప్పుకోలేదు. జనగామ నుంచి పిల్లను చూడటానికి వచ్చారు. వయసెంతని అడిగితే ముప్పై అన్నాను. టీ పళ్లెం పట్టుకొచ్చిన సంగీత, పళ్లెం బల్ల మీద పెట్టి, "ముప్పై రెండండీ. మా బాపు మర్చిపోయిండు" అంది. వాళ్లు టీ తాగి వెళ్లారు, మళ్లీ ఫోను చేయలేదు. నలుగురిలో పరువు తీశావని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆమె నెమ్మదిగా ఒకటే అడిగింది.

"నా వయసు నీకు సిగ్గయితున్నదా బాపూ?"

"అయితున్నది" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ వందసార్లు చెప్పి ఉంటుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలన్నీ నా భార్య పద్మలత మీదుగా వెళ్లేవి. "అమ్మా, బాపును గోలీలు ఏసుకొమ్మను." "పద్మా, డ్యూటీకి గొడుగు తీస్కపొమ్మను." సంగీత సర్కారు దవాఖానలో నర్సు. జూన్‌లో భూపాలపల్లికి బదిలీ పెట్టుకుందని కూడా నాకు పద్మలతే చెప్పింది.

"అది పోతె పోయినట్టే. గీ తీరుగ పోతె పండుగకు గూడ రాదు. ఏం జేస్తవో నువ్వే జూస్కో" అంది.

ఏం చేయాలో నాకు తెలియలేదు. తెలియనప్పుడు నేనెప్పుడూ చేసే పనే చేశాను. టార్చిలైటు, డైరీ పట్టుకుని కాలనీ చుట్టూ రౌండ్లు కొట్టాను.

శ్రావణం వచ్చింది. పంతొమ్మిదో నంబరు ఇంటి శివాజీ సారు ఒక దరఖాస్తు తెచ్చాడు. ఆయన లెక్కల మాస్టారు, లంబాడీ తండా నుంచి వచ్చి కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. రెండు పేజీలు చక్కటి దస్తూరీ. తొమ్మిది రోజులు పార్కు షెడ్డులో తీజ్ పండుగ చేసుకోనివ్వమని అడిగాడు.

"తీజ్ అంటె ఏం లేదు సార్, బుట్టలల్ల గోధుమలు పోస్తరు. పెండ్లి కాని ఆడపిల్లలు రోజుకు మూడుపూటల నీళ్లు పోసుకుంట పాటలు పాడ్తరు. తొమ్మిదో నాడు చెరువుల కలుపుతరు. కాలనీల మావి నాలుగిండ్లున్నయి. మా అమ్మ తండాకు పోదామంటె మోకాలు ఆపరేషనాయె."

"సంఘం జాబితాల వినాయక చవితి, బతుకమ్మ రెండే ఉన్నయి సారూ. గిది లేదు" అన్నాను.

"జాబితా రాసింది మీరే గద సార్."

"అందుకే చెప్తున్న."

ఆయన కాగితాలు నా బల్ల మీదే వదిలి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మంచి మనిషి. నాకు ఆ సాయంత్రం అన్నం సరిగ్గా దిగలేదు, కానీ నియమం నియమమే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ తుల్సీబాయి మా గేటు తీసుకుని వచ్చింది. అరవై అయిదు దాటిన మనిషి. మోచేతి దాకా తెల్లగాజులు, చేతిలో కర్ర. మూడు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగింది.

"షెడ్డు అడగనీకి రాలే సారూ" అంది కుర్చీలో కూలబడుతూనే. "నువ్వియ్యకుంటె మా డాబా మీద పెట్టుకుంట. నాకు మీ పిల్ల కావాలె."

"మా పిల్లనా?"

"తీజ్‌కు ఒక పెద్దపిల్ల ఉండాలె. పాట ఎత్తుకోవాలె, ముంగట నడవాలె, చిన్నోళ్లు లొల్లి జేస్తె గదమాయించాలె. నా మనుమరాలు నవ్యతోని కలిసి ఆరుగురున్నరు, అందరు పన్నెండేండ్ల లోపటోళ్లే. కాలనీ అంత అడిగిన. పెండ్లి కాని పెద్దపిల్ల వీరస్వామి సారింట్లనే ఉన్నదన్నరు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరన్నరు?"

"అందరన్నరు" అంది ఆమె, ఏదో శుభవార్త మోసుకొచ్చినట్టు నవ్వుతూ. "పోయినేడు మా తండల పెద్దపిల్ల దొరకక పండుగనే జెయ్యలే సారూ. ఉన్నోళ్లంత హాస్టళ్లల్ల ఉన్నరు. ఇంట్ల గింత బంగారమున్నది, ఎవ్వలకు జెప్పకుంట దాసుకున్నవు నువ్వు!"

బంగారమనే మాటకు ఏమని పోట్లాడాలి? పెళ్లిళ్లకు పోతే పక్కన కూర్చున్నవాళ్లు, బస్సులో ముందు సీటువాళ్లు, చివరికి దవాఖానలో సెలైన్ ఎక్కుతున్న రోగులు కూడా "ఇంకా కాలేదా?" అని మా అమ్మాయిని అడిగినవాళ్లే. కాలేదు కాబట్టి నువ్వు కావాలని మా గడప తొక్కిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. నవ్వు అంటే మామూలు నవ్వు కాదు, కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. నాలుగు నెలల తర్వాత మా ఇంట్లో అది వినడం. సంగీత తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నేనొస్తనవ్వా. మీ పాటలు రావు గద నాకు, మరెట్ల?"

"నేర్పుత. నోరు తిరగకపోతె తిరిగే దాక తిప్పుత" అంది తుల్సీబాయి.

పద్మలత బీరువా మీది నుంచి సంఘం స్టాంపు, ఇంకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. శివాజీ సారు కాగితాలు అక్కడే ఉన్నాయి. మొదటి పేజీ సగం దాకా చూసి, రెండో పేజీ అడుగున "షరతులకు లోబడి అనుమతించడమైనది" అని రాసి, సంతకం పెట్టి స్టాంపు గుద్దాను.

ఇక ఆ తొమ్మిది రోజుల సంగతి ఏమని చెప్పను! పిల్లలు కట్టకట్టుకుని వెళ్లి పుట్టమన్ను తెచ్చారు. తండా నుంచి ఆటోలో మేక ఎరువు వచ్చింది. నా పన్నెండో నియమం ప్రకారం కాలనీలోకి పెంట రాకూడదు. వాచ్‌మన్ సారయ్య బోర్డు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి గేటు తీశాడు. ఏడో నంబరు శకుంతల వాసనొస్తోందని గొడవకు వచ్చి, అక్కడే పాట వింటూ కూర్చుండిపోయి, పొయ్యి మీది పాలు పొంగబెట్టుకుంది. షెడ్డులో కర్రలతో మంచె కట్టి దాని మీద ఏడు బుట్టలు పెట్టారు. నానబెట్టిన గోధుమలు చల్లారు. మొదటి రోజు నా డైరీలో నాలుగు ఉల్లంఘనలు రాశాను. రెండో రోజు తొమ్మిది. మూడో రోజు రాస్తుంటే పద్మలత పెన్ను లాక్కుంది.

సంగీత డ్యూటీలు మార్చుకుంది. దవాఖాన నుంచి వచ్చి, చున్నీ నడుముకు చుట్టి, ఆరుగురు పిల్లల్ని వెంటేసుకుని పార్కుకు వెళ్లేది. తుల్సీబాయి కర్రతో తాళం వేస్తూ ఒక చరణం అనేది, ఈమె అందుకునేది. తప్పు పలికితే పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు, ఈమె వాళ్ల జడలు లాగేది. నేను కిటికీ దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని వినేవాణ్ణి. లంబాడీ పాట, నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఆ గొంతు మా అమ్మది. నా బిడ్డకు మా అమ్మ గొంతు వచ్చిందని ముప్పై రెండేళ్లలో నాకు తెలియలేదు. ఎంత సంతోషమైందో, అంత ఏడుపూ వచ్చింది.

పార్కుకు పోయి కూర్చోవచ్చు కదా అంటారేమో. ఏ మొహం పెట్టుకుని పోను?

అయిదో రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పట్టింది. పిల్లలు బళ్లో ఉన్నారు, సంగీత దవాఖానలో ఉంది, తుల్సీబాయి తిని పడుకుంది. నేను గొడుగేసుకుని రౌండుకు బయల్దేరాను. పార్కు దగ్గరికి వచ్చేసరికి షెడ్డు రేకు ఒకటి గాలికి లేచి, నీళ్లు ధారగా మంచె మీదే పడుతున్నాయి. వేలెడు ఎత్తు మొలకలు. పచ్చగా కూడా కాదు, ఇంకా లేత పసుపులోనే ఉన్నాయి. మట్టి కొట్టుకుపోతూ వేర్లు బయటపడుతున్నాయి. నాకు ప్రాణం ఊరుకోలేదు. గొడుగు విసిరేసి, ఒక్కో బుట్టా గుండెకు హత్తుకుని, పక్కనున్న సంఘం ఆఫీసు గదిలోకి మోశాను. ఏడింటినీ వరసగా నా బల్ల మీద పెట్టాను. జారిన మట్టిని నా చేత్తోనే సర్దాను. తడిసి ముద్దయినా నా అంతటి మొనగాడు మహబూబాబాద్‌లో లేడనిపించింది. సంగీత వచ్చి చూస్తుంది కదా, ఏదో ఒక మాట అంటుంది కదా అని అక్కడే కూర్చున్నాను.

వాన తెరిపిచ్చాక ముందు తుల్సీబాయి వచ్చింది, వెనకాల బళ్లోంచి పిల్లలు. బుట్టలు చూసి ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎవ్వలు తెచ్చిర్రు?"

"నేనే" అన్నాను గర్వంగా.

"నువ్వు ముట్టినవా సారూ!"

నవ్య అందుకుంది. "మగోళ్లు ముట్టొద్దు తాతా. మేం తప్ప ఎవ్వలు ముట్టొద్దు." ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒకర్ని చూసి ఒకరు ఆరుగురూ ఏడుపు మొదలుపెట్టారు.

"నాకెవరు జెప్పిర్రు మరి?" అన్నాను కంగారుగా.

ఆ ఏడుపులకు శివాజీ సారు పరుగెత్తుకొచ్చాడు. ఫైలు తీయమన్నాడు. రెండో పేజీ, నాలుగో పేరా. 'బుట్టలను కన్నెపిల్లలు తప్ప ఇతరులెవరూ, ముఖ్యంగా పురుషులు, తాకరాదు. ఈ విషయం కాలనీవాసులకు తెలియజేయగలరు.' దాని కింద నా సంతకం, స్టాంపు. బోర్డు చదవరేమయ్యా, అక్షరాలు రావా అని నలభై రెండు ఇళ్లనూ గదమాయించిన మనిషిని. భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఇప్పుడెట్ల?" అన్నాడు శివాజీ, తల్లి వైపు తిరిగి.

తుల్సీబాయి బుట్టల దగ్గరికి వెళ్లి వంగి చూసింది. ఒక్క మొలక కూడా పడిపోలేదు.

"ముట్టకపోతె ఇయ్యాల్టికి కొట్టుకపోతుండె" అంది. "అయినా తప్పు తప్పే. మా తండల అయితె తప్పు జేసినోడు పెద్దపిల్ల ముంగట నిలవడి తప్పయిందనాలె. పెద్దపిల్ల ఏం శిక్ష ఏస్తె అది పడాలె. అయిపాయె, ఇగ దాన్ని ఎవ్వలు ఎత్తొద్దు."

పెద్దపిల్ల అంటే ఎవరో నాకు ఒక క్షణం ఆలస్యంగా వెలిగింది. అప్పటికే సంగీత గుమ్మంలో నిలబడి ఉంది. తెల్ల యూనిఫాం, తడిసిన చెప్పులు. పిల్లలు పరుగెత్తి ఆమె నడుము పట్టుకుని జరిగిందంతా ఒకేసారి చెప్పారు.

నేను లేచి నిలబడ్డాను. చొక్కా నిండా మట్టి. బస్టాండులో వేలమంది ముందు మైకులో మాట్లాడినవాణ్ణి, చేతులు కట్టుకున్నాను.

"సదవకుంటనే సంతకం పెట్టిన" అన్నాను. "మంచి చేస్తున్ననే అనుకున్న. నీకు ఎట్లుంటదో అడగలే. తప్పయింది బిడ్డా."

ఇంకా అనాలనుకున్నాను. ఏప్రిల్ గురించి. కానీ అప్పటికే అంతా అనేసినట్టే ఉంది. సంగీత బుట్టల వైపు చూసింది. మట్టిని సర్దిన చోట నా వేళ్ల గుర్తులున్నాయి.

"నీళ్లు మొయ్యాలె" అంది, పిల్లల వైపు చూస్తూ. "మిగిలిన రోజులన్ని, మూడుపూటల. బిందెలు షెడ్డు బయటనే పెట్టి పోవాలె."

"నల్లా పొద్దున ఆరు నుంచి ఏడు దాకనే గద..." నా నోటికి అదే అలవాటు. ఏడుస్తున్న పిల్లలు కూడా కిసుక్కున నవ్వారు.

"వాల్వు తాళంచెవి నీ జేబులనే ఉన్నది గద బాపూ" అంది సంగీత.

నాలుగు నెలల తర్వాత నాతో నేరుగా అన్న మాట అది. తాళంచెవి తీసి పట్టుకుని బయటికి నడిచాను, లేకపోతే అందరి ముందూ ఏడ్చేవాణ్ణి.

మిగిలిన నాలుగు రోజులు నీళ్లు మోశాను. పూటకు మూడు బిందెలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాల్వు తిప్పేసరికి కాలనీవాళ్లు మూడుపూటలా నీళ్లు పట్టుకున్నారు, ట్యాంకేమీ ఎండిపోలేదు. ఇన్నాళ్లూ ఒక గంటకే ఎందుకు కట్టేశానో నాకే గుర్తు లేదు. కాలనీ మొత్తం నన్ను చూడటానికి వరండాల్లో కుర్చీలు వేసుకుంది. సారయ్య అయితే నేను బిందెతో వెళుతుంటే సెల్యూట్ కొట్టేవాడు. బిందె దించి వెనక్కి తిరగబోతే తుల్సీబాయి ఆపేది.

"కూసో సారూ. ముట్టొద్దన్న గని ఇనొద్దనలే."

కూర్చునేవాణ్ణి. ఏడో రోజుకు నాకు కూడా రెండు చరణాలు వచ్చేశాయి. నేను గొణిగితే పిల్లలు చెవులు మూసుకునేవాళ్లు. ఆ రోజే భూపాలపల్లి ఆర్డరు వచ్చింది. అన్నం తింటూ, "సోమవారం జాయినవ్వాలె" అని చెప్పింది సంగీత. నాకా, వాళ్లమ్మకా అన్నది తేలలేదు. మామూలుగా అయితే నేను ఎవరికో ఒకరికి ఫోను చేసి ఆపించడానికి చూసేవాణ్ణి. చేయలేదు. పోనివ్వడం కాదు నా భయం, ఎట్లా పోతుందన్నదే.

తొమ్మిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం కల్లా తండా నుంచి రెండు ట్రాలీల జనం దిగారు, డప్పులు దిగాయి. ఏడుగురు తలల మీద బుట్టలు పెట్టుకున్నారు. మొలకలు జానెడు పొడుగు, లేత పసుపు నుంచి చిలకపచ్చలోకి తిరిగాయి. సంగీత ముందు నడిచింది. తుల్సీబాయి తన పాత అద్దాల ఓణీ ఆమెకు కప్పింది. మా నలభై రెండు ఇళ్లలో తాళం పడని ఇల్లు ఒక్కటీ లేదు, అందరూ చెరువుకే బయల్దేరారు. నా భార్య పద్మలత డప్పుకు చిందేసి ఎగిరిందంటే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు, పక్కనే ఉండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

చెరువుకట్ట మీద తండా ఆడవాళ్లు సంగీతను చుట్టుముట్టారు. వాళ్లందరికీ వినబడేలా శకుంతల, అలవాటు ప్రకారం, ఎత్తుకోనే ఎత్తుకుంది.

"అంత మంచిగనే ఉన్నది గని సంగీతా, ఎన్నేండ్లొచ్చినయే నీకు ఇప్పుడు?"

డప్పు కూడా ఆ నిమిషానే ఆగింది. సంగీత నవ్వు సగంలో నిలిచిపోయింది. ఆమె జవాబు చెప్పబోయేలోపు నా నోరు తెరుచుకుంది.

"ముప్పై రెండు" అన్నాను. బస్టాండు గొంతుతోనే అన్నాను. కట్ట అవతల బట్టలు ఉతికేవాళ్లు కూడా తలెత్తారు. "డిసెంబరొస్తె ముప్పై మూడు. నా బిడ్డే. గీ తీజ్‌కు పెద్దపిల్ల."

"ఊఁ, మరింక!" అంది తుల్సీబాయి, ఆ లెక్క తానే వేసినంత దర్జాగా. డప్పు మళ్లీ మొదలైంది.

బుట్టలు నీళ్లలో కలిపే ముందు పిల్లలు గుప్పెడు మొలకలు తీసి అన్నదమ్ముల తలపాగాల్లో, పెద్దవాళ్ల తలపాగాల్లో దోపుతారు. తీజ్ వెళ్లిపోతోందని దోపుతూ ఏడుస్తారు. అది కూడా పండుగలో భాగమే, ఏడ్చినంతసేపు ఏడ్చి మళ్లీ ఎగురుతారు. నాకు తలపాగా లేదు. భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకుని వరసలో నిలబడ్డాను. సంగీత నా ముందుకు వచ్చింది. మొహమంతా తడిసి ఉంది, చెరువు నీళ్లో కన్నీళ్లో తెలియలేదు. తువ్వాలు సరిచేసి, మడతలో మొలకలు దోపింది.

"బాపూ, రేపు భూపాలపల్లికి నాతోని వస్తవా? ఇల్లు చూడాలె. సామాను సర్దాలె. అక్కడ గూడ నాలుగు రోజులుండాలె నువ్వు."

నేను తల ఊపాను. తల ఊపేసరికి మొలకలు జారి ముక్కు మీద పడ్డాయి. తుల్సీబాయి కర్రతో నేలను కొట్టింది.

"తల ఊపకు సారూ, తీజ్ పడిపోతది! నోరు లేదా నీకు? నోటితోని చెప్పు."

నోటితోనే చెప్పాను.